డాక్టరుగారి పట్టు

గట్టు మీద అడిగిన ప్రశ్నకు గట్టు మీద జవాబు చెప్పకూడదన్నది పిడపర్తి అనంతశయనం మేష్టారి నియమం. ఎవరేం అడిగినా కళ్లద్దాలు తుడుచుకుని, "నీళ్లలోకి దిగాక చూద్దాం" అనేవారు. మేష్టారంటే ఒకప్పుడు పార్వతీపురంలో ఫిజిక్సు చెప్పిన మేష్టారే. ఉద్యోగం అయిపోయాక ఆయన ఈడువాళ్లంతా కాశీ రామేశ్వరాలు తిరిగొచ్చి ఇంటిపట్టున కూర్చుంటే, ఈయన హిమాచల్ కొండల్లో ఒక ఏటి ఒడ్డున రేకుల ఇల్లు వేసుకుని, ఈగ గాలంతో ట్రౌట్ చేపను పట్టడం నేర్పే పనిలో పడ్డారు.

చేపలు పట్టడమనగానే మనవాళ్లకు వానపామూ, సీసం గుండూ, గట్టు మీద కునికిపాట్లూ గుర్తొస్తాయి. ఇది ఆ బాపతు కాదు. కోడి మెడ ఈకనూ రంగు దారాన్నీ చిన్న గాలానికి చుట్టి ఈగలాగా తయారుచేస్తారు. ఆ ఈగకు బరువుండదు. దాన్ని పొడవాటి దారంతో గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి, నిజం ఈగ వాలినంత మెత్తగా చేప మూతి ముందు వాల్చాలి. చేప దాన్ని నమ్మాలి. నమ్మి నోట కరుచుకున్నాక, తొందరపడకుండా దగ్గరికి తెచ్చుకుని, తడిచేత్తో ఒక్క క్షణం పట్టుకుని, మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలి. మేష్టారి దగ్గర చేపను ఇంటికి తీసుకుపోవడమన్నది లేదు. ఆ మాటకొస్తే ఆయన వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. తినని చేపకోసం ఇంత తంటా ఏమిటని అడిగినవాళ్లకు కూడా నీళ్లలోకి దిగాక చూద్దామనే చెప్పేవారు. దిగినవాళ్లెవరూ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. మంచు కరిగి వచ్చే నీళ్లు గనక, చలికి నోరు పెగలకపోవడం వల్ల కూడా కావచ్చు.

ఆయన శిష్యుల్లో ముందు చెప్పుకోవలసినవాడు కొప్పర్తి భానుమూర్తి. రాజమండ్రిలో పేరున్న పళ్ల డాక్టరు. మనిషి మంచివాడు, చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. పళ్ల డాక్టర్లందరికీ ఉండే సౌకర్యం ఒకటుంది: ఎదుటివాడి నోట్లో చేతులు పెట్టి మాట్లాడతారు గనక ఎదురు చెప్పేవాడుండడు. గోదావరి జిల్లాల్లో ఎంతమంది నోళ్లు తెరుచుకుని ట్రౌట్ చేప స్వభావం గురించి విన్నారో లెక్క తేలదు. క్లినిక్కు మూసేశాక పళ్లు చూసే దీపం కిందే, పళ్లు శుభ్రంచేసే కొక్కేలతోనే ఈగలు కట్టేవాడు. అవి ఎంత ముచ్చటగా ఉండేవంటే, ఒకసారి ఆయన కాంపౌండరు వాటిని నిజం ఈగలనుకుని మందు కొట్టాడు.

ఏడాదికి రెండుసార్లు మేష్టారి దగ్గరికి వచ్చి, వారమేసి రోజులు ఉండి నేర్చుకునేవాడు. పుస్తకాల్లో ఉన్నదంతా వచ్చు. ఏ ముడి ఎందుకు వేస్తారో, ఏ రాయి వెనక చేప పడుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒక్క చిక్కే ఉంది. చేప ఈగను కరవగానే ఆయన చెయ్యి లాగేది. ఎన్నో ఏళ్లుగా దొరికిన పన్నునల్లా పీకిన చెయ్యి. చివరి దారం వెంట్రుకంత సన్నం, తెగక ఏమవుతుంది? తెగినప్పుడల్లా నీళ్లదో, దారందో, చేపదో తప్పు కనిపెట్టి విడమర్చి చెప్పేవాడు.

ఒక ఏడాది మేష్టారి మోకాళ్లు మొరాయించాయి. చన్నీళ్లలో నిలబడడం ఇక కుదరదన్నారు. అతిథులను ఏట్లోకి దించి, పక్కన నిలబడి దారి చూపేవాడు దొరక్కపోతే ఆ ఇంటికి తాళం పడ్డట్టే. ఆ పని భానుమూర్తికి కావాలి. ఆశ కాదు, అదో జబ్బులాగా పట్టుకుంది. క్లినిక్కు మేనకోడలికి అప్పగించడానికి అంతా సిద్ధం చేసుకున్నాడు. ఆయన భార్య ఇందుమతి మాత్రం తేల్చి చెప్పింది: మేష్టారు సరేనంటే తట్టాబుట్టా సర్దుకుని తనూ కొండెక్కుతుంది, అనకపోతే ఇంట్లో మళ్లీ ఈగ అన్న మాట వినబడకూడదు. అందుకని ఆ వేసవి ఆయన వచ్చింది నేర్చుకోవడానికి కాదు, ఆ ఒక్కమాట అనిపించుకోవడానికి.

మేష్టారి ఇంట్లో గోడకు రెండు మేకుల మీద ఒక వెదురు గాలపుకర్ర ఉండేది. చీల్చిన వెదురు బద్దలను అతికించి ఆయన స్వయంగా చేసుకున్నది. పట్టుకునే చోట తొడిగిన బెండు ఆయన చేతికి అరిగి అరిగి, దాని మీద ఆయన వేళ్ల అచ్చులు పడివుండేవి. దాన్ని ఆయన ఎవరి చేతికిస్తే ఏరు వాళ్లదేనని వచ్చేపోయేవాళ్లందరికీ తెలుసు. భానుమూర్తి భోజనం చేసేటప్పుడు కూడా ఆ గోడ కనిపించేవైపే కూర్చునేవాడు. నేనూ అక్కడికి నేర్చుకోవడానికే వచ్చి, ఆ వారం మడమ బెణికి వరండాకే పరిమితమయ్యాను గనక ఇవన్నీ తీరిగ్గా చూశాను.

ఒక సాయంత్రం పెసరట్లు తిని చేతులు కడుక్కున్నాక భానుమూర్తి ఇంక ఉండబట్టలేక అడిగేశాడు.

"మేష్టారూ, నాకు ఈ విద్య మీద పట్టు వచ్చిందా రాలేదా? ఇంకా రాకపోతే ఎప్పుడొస్తుంది? ఒక్కమాట చెప్పండి చాలు."

మేష్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నీళ్లలోకి దిగాక చూద్దామంటారని నేను ఎదురుచూస్తుంటే, ఆయన లేచి, మోకాళ్లు పట్టుకుని గోడ దాకా వెళ్లి, ఆ వెదురుకర్ర దింపి భానుమూర్తి చేతిలో పెట్టారు. భానుమూర్తి ముఖం చూడవలసిందే. మేష్టారు ఆ సంబరాన్ని ఎంతోసేపు ఉండనివ్వలేదు. మర్నాడు పై తరగతి పాఠం నందిగం సుభాషిణిగారికనీ, ఆవిడను ఏట్లోకి తీసుకెళ్లవలసింది డాక్టరేననీ, కర్ర ఆవిడ చేతికిచ్చి సాయంత్రం మళ్లీ తెచ్చి తనకు అప్పగించాలనీ చెప్పారు. దారి చూపేవాడు అతిథి కర్ర ముట్టుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. నోటితోనే అన్నీ చేయించాలి. నోటితో అయితే పరవాలేదనుకున్నాడు భానుమూర్తి.

సుభాషిణిగారు తెనాలిలో హైస్కూలు తెలుగు పండితులుగా చేసి రిటైరైనావిడ. సంధి తప్పు పలికితే హెడ్మాస్టరును కూడా ఆపి దిద్దిన చరిత్ర ఉంది. అంతకు ముందు రెండుసార్లు వచ్చి కింది తరగతి ముగించారు. చేప తనంతట తాను జాలిపడితే పట్టగలరు. మేష్టారు ఆవిడను పక్కకు పిలిచి, "అమ్మా, రేపు డాక్టరు ఏం చెబితే అది చెయ్యండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అన్నారు. జీవితమంతా పిల్లలకు ఆ మాటే చెప్పినావిడ గనక, ఆవిడ తలూపి ఒప్పుకున్నారు.

మర్నాడు ఏట్లో జరిగింది నేను ఇద్దరి నోటా విన్నాను. తేడా వచ్చిన చోట ఆవిడ మాటే నమ్మాను.

రొమ్ముదాకా వచ్చే రబ్బరు లాగులు తొడుక్కుని, పొద్దున్నే ఇద్దరూ ఏటి మలుపు దగ్గర దిగారు. పై తరగతి నీళ్లంటే అవే. అక్కడి ట్రౌట్లు ముదురువి. నీడ పడినా, దారం నీటి మీద అడ్డంగా జారినా రాయి కిందకు పోయి మళ్లీ ముఖం చూపించవు. అలాంటి చోట దారి చూపేవాడు పక్కన నిలబడి తక్కువ మాట్లాడాలి. భానుమూర్తి ఎక్కువ మాట్లాడాడు. మణికట్టు ఇలా, మోచెయ్యి అలా, ఊపిరి ఇప్పుడు తీసుకోండి, ఇప్పుడు ఆపండి, రెప్ప వెయ్యకండి. మధ్యలో అలవాటుకొద్దీ, "ఏం భయపడకండి, నొప్పి ఉండదు" అని కూడా అన్నాడట. కర్రనైతే ముట్టుకోలేదు గానీ, ఆవిడ మణికట్టు పట్టుకుని ఆడించడం మొదలుపెట్టాడు. కట్టుబాటు కర్రను గురించే గాని మణికట్టును గురించి కాదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

సుభాషిణిగారు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఊపిరి ఆపమన్నప్పుడు ఆపారు. తీసుకోమనడం ఆయన మరిచిపోతే, ముఖం ఎర్రబడేదాకా ఉగ్గబట్టుకుని, వేలితో ముక్కు చూపించి అనుమతి అడిగి మరీ తీసుకున్నారు. అది అమాయకత్వమో, పొద్దుటినుంచి పడుతున్నదానికి జవాబో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆవిడను అడిగితే నవ్వి ఊరుకున్నారు.

మధ్యాహ్నమయింది. ఒక్క చేపా పైకి రాలేదు. తెచ్చుకున్న పులిహోర తినడానికి ఇద్దరూ ఒక బండమీద కూర్చున్నారు. నోటినిండా ముద్ద ఉంది గనక భానుమూర్తి కాసేపు మాట్లాడలేదు. ఆ కాసేపట్లోనే అవతలి ఒడ్డు రాయి పక్కన ఒక పెద్ద ట్రౌట్ పైకి వచ్చి, నీటి మీద వాలిన ఈగను చప్పుడు లేకుండా మింగి, మళ్లీ లోపలికి దిగింది. ఇద్దరూ చూశారు. భానుమూర్తి ముద్ద మింగలేక, ఉమ్మలేక, చేత్తో అటు చూపించాడు. సుభాషిణిగారు లేచి, కర్ర తీసుకుని, నీళ్లలోకి నాలుగడుగులు వేసి, ఎవరూ ఏమీ చెప్పకుండానే ఈగను విసిరారు. రోజంతటికీ అదొక్కటే చక్కగా పడింది. ఈగ రాయి పక్కన వాలింది, కొంచెం దూరం తేలింది, చేప నోరు తెరిచింది.

కర్ర వంగింది. చేప ఒక్కసారి గాలిలోకి లేచి, పడి, కిందివైపుకు పరుగు తీసింది. అప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. దారం బిగబట్టకుండా, చేప అడిగినంత ఇస్తూ పోవాలి. దారం వదులు చెయ్యాలి. సుభాషిణిగారు బిగబట్టే ఉన్నారు. ఇక తెగిపోతుందనుకున్నాడు భానుమూర్తి. చేప ఒక్కటే కాదు, రాజమండ్రీ, ఇందుమతీ, గోడమీది రెండు మేకులూ అన్నీ ఆ దారానికే వేలాడుతున్నాయి. పులిహోర మింగి, గొంతు చించుకుని అరిచాడు.

"వదలండి, టీచరుగారూ, వదలండి."

సుభాషిణిగారు వదిలారు.

దారాన్ని కాదు. కర్రనే వదిలేశారు. మేష్టారి వెదురుకర్ర నీళ్లలో పడి, ఒకసారి మునిగి తేలి, చేప వెనకాల బయలుదేరింది.

భానుమూర్తికి కొంతసేపు మాట రాలేదు. ఆయన పరిచయస్థులు చెప్పినదాన్నిబట్టి ఇది మొదటిసారి. ఆవిడకేసి చూశాడు. ఆవిడ ఖాళీ చేతులు చాచుకుని, తరగతిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

"మీరు 'వదులు చెయ్యండి' అనలేదు బాబూ. 'వదలండి' అన్నారు. రెంటికీ తేడా ఉంది" అన్నారు.

వ్యాకరణానికి జవాబు చెప్పే తీరిక లేదు. భానుమూర్తి కర్ర వెనక పడ్డాడు. ఏటి రాళ్లకు పాకుడు ఉంటుంది. మొదటి రాయి మీద టోపీ పోయింది, రెండో రాయి మీద కళ్లజోడు పోయింది, ఆ తర్వాత రాళ్లు కనబడలేదు గనక లేస్తూ పడుతూ పోయాడు. రబ్బరు లాగులోకి నీళ్లు దిగి రెండు కాళ్లూ రెండు బిందెలయ్యాయి. సుభాషిణిగారు గట్టెక్కి, ఆయనతోపాటే నింపాదిగా నడుస్తూ, కళ్లజోడు లేని మనిషికి కర్ర ఎటు పోతోందో ఎడమ కుడి చెబుతూ వచ్చారు. ఇప్పుడు దారి చూపుతున్నది ఆవిడ. ఆవిడ మాటలు తక్కువగా, తేటగా ఉన్నాయని భానుమూర్తే తర్వాత ఒప్పుకున్నాడు.

కిందికి పోయాక ఏరు వెడల్పయి, ఒక లోతు మడుగులో నిలిచింది. కర్ర ఒక రాయికి ఆనుకుని ఆగింది. దానినుంచి దారం మడుగులోకి వెళ్లి ఉంది. భానుమూర్తి రొమ్ములోతు నీళ్లలో నిలబడి రొప్పుతున్నాడు. గట్టు మీద సుభాషిణిగారు వంగి చూశారు.

"దారం కదులుతోంది బాబూ. నేను వదిలేశాక కూడా అది పోలేదే" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

చేప ఉంది. ఆ నీళ్లు దారాన్ని కొంచెంగా లాగి ఉంచాయి. అంతకంటే ఎవరూ దాన్ని లాగలేదు గనక, చేప కూడా ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. భానుమూర్తి చెయ్యి చాచి బెండు పట్టుకున్నాడు. మేష్టారి వేళ్ల అచ్చుల్లో తన వేళ్లు ఒదిగాయి. దారం చివర ప్రాణమున్న బరువు తెలిసింది. ఎన్నో ఏళ్లుగా కోరుకున్నది ఆ బరువే. ఊరుకుంటే చాలు. ఆవిడ చేతికి కర్ర అందించి పక్కకు తప్పుకుంటే ఇంకా మంచిది. అవన్నీ ఆయనకు తెలుసు, పుస్తకంలో పేజీతో సహా తెలుసు. చేతికి మాత్రం తెలియలేదు. గట్టి దవడపన్ను పట్టకారుకు చిక్కినప్పుడు ఏం చేసేదో అదే చేసింది.

దారం టప్పున తెగింది.

మడుగు ఒకసారి కదిలి ఊరుకుంది. ఆ నిశ్శబ్దంలో, అలవాటు ఎంత పాడుదో చూడండి, భానుమూర్తి నోటివెంట వచ్చిన మాట ఇది: "అయిపోయిందండీ. నొప్పి లేదుగా?"

"నాకు లేదు బాబూ" అన్నారు సుభాషిణిగారు.

 ఇంటికి దారి పొడవునా ఆయన లోపల ఒక ఉపన్యాసం తయారుచేసుకుంటూ వచ్చాడు. కర్రను ఏట్లో పడేసినావిడ గురువులెవరో, తెలుగు పండితులను పై తరగతికి చేర్చుకోవడం ఎంతవరకు సబబో, వరసగా అన్నీ కూర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు నాకు. వరండా మెట్లెక్కేసరికి వాదన ఎక్కడా పొల్లు లేకుండా ఉందట.

మేష్టారు వరండాలో కుర్చీలో కూర్చుని, కాళ్లు వేడినీళ్ల తొట్లో పెట్టుకుని ఉన్నారు. నేను పక్కనే ఉన్నాను. మెట్లెక్కి వచ్చిన ఆకారాన్ని మొదట నేను పోల్చుకోలేదు. టోపీ లేదు, కళ్లజోడు లేదు, పెదాలు నేరేడుపళ్ల రంగు. అడుగు వేసినప్పుడల్లా లాగులోంచి నీళ్లు బుడగలు కొడుతున్నాయి. వెనక సుభాషిణిగారు పులిహోర డబ్బా పట్టుకుని పొడిపొడిగా వచ్చారు. ఏం జరిగినా చెప్పే బాధ్యత దారి చూపినవాడిదేనన్నట్టు ఆవిడ పక్కకు తప్పుకుని నిలబడ్డారు.

మేష్టారు తలెత్తి, "చేప?" అన్నారు.

భానుమూర్తి నోరు తెరిచాడు. తయారుచేసుకున్నదంతా నాలుక చివర ఉంది. ఎందుకో అది రాలేదు. ఆవిడకేసి చూశాడు, కర్రకేసి చూశాడు.

"ఉందండీ. ఆవిడే పట్టారు, చక్కగా పట్టారు. నేనే తప్పు మాట చెప్పాను. మళ్లీ నేనే లాగి తెంపాను. ఆవిడ తప్పేం లేదండీ" అన్నాడు.

ఎన్ని దారాలు తెగినా ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.  భానుమూర్తి తడబడుతూ మిగతాది చెప్పాడు. తనకు ఈ విద్య అబ్బదనీ, రాజమండ్రికి బండి చూసుకుంటాననీ, ఇందుమతికి తనే చెప్పుకుంటాననీ అన్నాడు.   నాకు జాలేసింది, దాచుకోవడం దేనికి. ఈగల పిచ్చి తప్ప ఇంకే పాపమూ ఎరగని మనిషి.

"ఇదిగోండి మీ కర్ర" అని చెయ్యి చాచాడు.

మేష్టారు కూర్చున్నచోటు నుంచే వెదురు కర్ర మధ్యలో పట్టుకుని తీసుకోబోయారు. అది రాలేదు. కొంచెం గట్టిగా లాగారు. కర్రతోపాటు భానుమూర్తి కూడా ముందుకు ఒక అడుగు వచ్చాడు.

"వదలవయ్యా" అన్నారు మేష్టారు.

"వదిలేశానండీ" అన్నాడు భానుమూర్తి.

అబద్ధం కాదు, నిజంగానే వదిలేశాననుకున్నాడు. మడుగులో పట్టుకున్న చెయ్యి మంచునీళ్లకు అలాగే బిగుసుకుపోయింది. వేళ్లలో స్పర్శ లేదు. తెరుచుకున్నాయో లేదో తెలుసుకుందామంటే కళ్లజోడు లేదు. సుభాషిణిగారు పమిట కొంగు కోసం తడుముకుని, ఒంటిమీద రబ్బరు లాగు ఉందని గుర్తొచ్చి, చేత్తోనే నోరు మూసుకున్నారు. నేను మడమ సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాను. ఆ బిగిసిన వేళ్లు బెండు మీది పాత అచ్చుల్లో ఒక్కొక్కటీ సరిగ్గా కూర్చుని ఉన్నాయి.

మేష్టారు వాటికేసి చాలాసేపు చూశారు. తర్వాత ఏటికేసి చూశారు. కర్ర మీద ఇంకా ఆయన చెయ్యి ఉంది. ఒకసారి దాన్ని నిమిరి, వేళ్లు విప్పి, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని మెల్లిగా అన్నారు.

"నిన్న అడిగావుగా డాక్టరూ. పట్టుకేం లోటు లేదు నీకు. ఇదిగో, నేను వదిలాను."